ఇంట్లో కుట్టుకున్న ఈత కాస్ట్యూమ్: మూడు నెలలు నీళ్లలో నానిన తరువాత ఒక సమీక్ష

నలభై నాలుగేళ్ల వయసులో ఈత నేర్చుకుందామని సికింద్రాబాదులో మా ఇంటికి దగ్గరగా ఉన్న కొలనుకు వెళ్లినప్పుడు, కౌంటరు దగ్గర నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా ఆరోగ్యం గురించి కాదు, "కాస్ట్యూమ్ ఉందా మేడం, నైలాన్‌దేనా?" అని. నూలు టీషర్టుతో, లెగ్గింగ్స్‌తో వచ్చినవారిని నీళ్లలోకి దిగనివ్వరు. నూలు నీరు పీల్చుకుని బరువెక్కుతుంది, దాని నూగు ఫిల్టర్లలోకి చేరుతుంది కనుక ఆ నియమాన్ని తప్పుపట్టడానికి లేదు. మోకాళ్ల దాకా కాళ్లు, మోచేతుల పైదాకా చేతులు ఉండే రకం కాస్ట్యూములు దుకాణాల్లో దొరుకుతున్నాయి. అయితే నేను వేసి చూసిన నాలుగింటిలోనూ తుంటి దగ్గర సరిపోయినది భుజాల మీద వేలాడింది, భుజాల మీద సరిపోయినది కాళ్ల మధ్య కోసుకుపోయింది. పాతికేళ్లుగా నా జాకెట్లూ పంజాబీ డ్రెస్సులూ నేనే కుట్టుకుంటున్నాను, ఇదొక లెక్కా అనే ధీమాతో సామగ్రి తెప్పించుకున్నాను. ఆ ధీమా ఎంతసేపు నిలిచిందో, తెప్పించుకున్న వాటిలో ఏది పెట్టిన డబ్బుకు న్యాయం చేసిందో, ఏది చేయలేదో చెప్పడానికే ఈ సమీక్ష. కుట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది. కుట్టిన తరువాత వారానికి నాలుగు రోజుల చొప్పున మూడు నెలలు వాడాకనే ఇది రాస్తున్నాను, ఎందుకంటే కుట్టిన రోజున అద్దం ముందు ప్రతి కాస్ట్యూమూ బాగానే ఉంటుంది.

ముందుగా గుడ్డ సంగతి. సూరత్ నుంచి పంపే ఒక ఆన్‌లైన్ దుకాణంలో మీటరు 520 రూపాయల లెక్కన ఒకటిన్నర మీటరు ముదురు నీలం గుడ్డ కొన్నాను. 80 శాతం నైలాను, 20 శాతం స్పాండెక్సు, చదరపు మీటరుకు 190 గ్రాముల బరువు అని దాని వివరణలో ఉంది. స్పాండెక్సు అంటే మన దుకాణాల్లో అందరూ లైక్రా అనే సాగే పోగే. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించిన ఆ పోగుకు లైక్రా ఒక వ్యాపార నామం మాత్రమే. ఈ తేడాను ఎత్తి చెప్పడం పాండిత్య ప్రదర్శనకు కాదు. జనరల్ బజారుకు వెళ్లి లైక్రా గుడ్డ కావాలని అడిగితే, నూలులో నాలుగైదు శాతం స్పాండెక్సు కలిపిన లెగ్గింగ్స్ గుడ్డను కూడా నిస్సంకోచంగా కొలిచి ఇస్తారు. దానితో కుట్టుకుని కొలనుకు వెళితే మళ్లీ కౌంటరు దగ్గరే ఆగిపోవలసి ఉంటుంది. అడగవలసినది లైక్రా ఉందా అని కాదు, మిగతా పోగు నైలానా, పాలియెస్టరా, నూలా అని.

వచ్చిన గుడ్డ నాణ్యత విషయంలో నాకు సంతృప్తే. చేతికి చల్లగా, కాస్త జారుడుగా, వెలుతురుకు ఎత్తి పట్టి లాగినా తెల్లబారకుండా ఉంది. తడిపి అరచేతి మీద పరిచి చూశాను, గీతలు కనబడలేదు. ఈ పరీక్ష ప్రతివారూ చేయవలసినదే, ఎందుకంటే లేత రంగు గుడ్డలు పొడిగా ఉన్నంతసేపు పెద్దమనుషుల్లా కనబడి, తడిస్తే పరువు తీస్తాయి. ఫిర్యాదు ఒక్కటే ఉంది. నాలుగు వైపులా సమానంగా సాగుతుందని అమ్మకందారు రాసిన మాట నిజం కాదు. పది సెంటీమీటర్ల ముక్కను మడిచి స్కేలు పక్కన పెట్టి లాగితే అడ్డంగా పదహారు దాకా వచ్చింది, నిలువుగా పదమూడున్నర దగ్గరే ఆగింది. అంటే అడ్డంగా 60 శాతం, నిలువుగా 35 శాతం సాగుదల. చీరకు, చుడీదారుకు ఈ లెక్కతో పని లేదు. ఒంటికి అతుక్కుని ఉండవలసిన దుస్తులకు మాత్రం ఈ రెండు అంకెలే ప్రాణం, ఎందుకంటే భుజం మీది నుంచి కాళ్ల మధ్యగా వెళ్లి మళ్లీ భుజం చేరే కొలత అంతా నిలువు సాగుదల మీదే ఆధారపడి ఉంటుంది. ఈ విషయం అమ్మకందారుకు రాస్తే, కొలతల్లో స్వల్ప వ్యత్యాసాలు సహజమని మర్యాదగా జవాబు వచ్చింది. అరవైకీ ముప్పై అయిదుకూ మధ్య ఉన్నది స్వల్ప వ్యత్యాసమైతే నేనూ ఈతలో స్వల్ప వ్యత్యాసంతో ఒలింపిక్ స్థాయిదాన్నే.

కత్తిరింపు నమూనా కోసం ఒక విదేశీ సైటులో 900 రూపాయలకు సమానమైన సొమ్ము చెల్లించాను. ముప్పై నాలుగు ఏ4 కాగితాల మీద ముద్రించి, అంచులు కలిపి అతికించుకుంటే ముందు భాగం, వెనుక భాగం, చేయి, కాళ్ల మధ్య వేసే చిన్న ముక్క వస్తాయి. మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. కాగితాల్లో మొదటిదాని మీద సరిచూసుకోవడానికి అయిదు సెంటీమీటర్ల చతురస్రం ఒకటి ఉంటుంది. మా వీధిలోని జిరాక్స్ దుకాణంలో ముద్రించి తెచ్చి, అన్నీ అతికించి, గంటన్నర కష్టం పూర్తయ్యాక ఎందుకైనా మంచిదని దాని మీద స్కేలు పెడితే 4.7 మాత్రమే ఉంది. పేజీకి సరిపడేలా కుదించే ఏర్పాటు ఆ కంప్యూటరులో ఎప్పుడూ వేసే ఉంటుందట. ఆరు శాతం తరుగుదల అంటే, ఛాతీ దగ్గర 84 సెంటీమీటర్లు రావలసిన చోట 79 వస్తుంది. ఏ బంధువు ఇంటి పెళ్లికో వేసుకునే జాకెట్టయితే పక్క కుట్లు విప్పి సర్దుకోవచ్చు. కాస్ట్యూములో అలా విప్పి వదులు చేయడానికి కుట్టు లోపల గుడ్డ వదలము. మళ్లీ అరవై ఎనిమిది రూపాయలు ఇచ్చి, ఈసారి మొదటి పేజీ ఒక్కటే ముందుగా తీయించి, దుకాణంలోనే నిలబడి కొలిచాను.

నమూనా రచన మాత్రం మెచ్చుకోదగినది. మనకు అలవాటైన కుట్టుపనిలో ఒంటి కొలతకు రెండో మూడో అంగుళాలు కలుపుకుని కత్తిరిస్తాం. ఇక్కడ ఒంటి కొలతలోంచి తీసివేయాలి. నా ఛాతీ 96 సెంటీమీటర్లు, పూర్తయిన దుస్తుల కొలత 84. ఆ పన్నెండు సెంటీమీటర్ల కొరతను గుడ్డ సాగి తీరుస్తుంది, ఆ సాగుదలే నీళ్లలో దుస్తులను ఒంటికి పట్టి ఉంచుతుంది. పొడిగా ఉన్నప్పుడు హాయిగా అనిపించే కాస్ట్యూమ్ నీళ్లలో సంచీలా ఉబ్బుతుందన్న సంగతి నాకు తరువాత పక్క లేనులోని ఒకామెను చూశాక పూర్తిగా బోధపడింది. నా దర్జీ బుద్ధి మాత్రం 84 అంకె చూసి హడలిపోయి, పక్కన ఒక సెంటీమీటరు కలపమని రెండు సార్లు పోరింది. కలపలేదు, మంచిదయింది.

నమూనాతో వచ్చిన సూచనల పుస్తకం విషయంలో అంత మంచి మాట చెప్పలేను. భుజం నుంచి భుజం దాకా తిరిగే నిలువు కొలతను ఎలా తీసుకోవాలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నిజానికి రెడీమేడ్ కాస్ట్యూములు నాలుగూ నాకు అమరకపోవడానికి కారణం ఆ కొలతే. భుజం మధ్య టేపు పెట్టి, ఛాతీ ముందుగా దించి, కాళ్ల మధ్యనుంచి తీసి, వీపు మీదుగా మళ్లీ అదే చోటికి తెస్తే నాకు 160 సెంటీమీటర్లు వచ్చింది. ఒంటరిగా ఈ కొలత తీయడం సాధ్యమయ్యే పని కాదు, మా అక్క వచ్చి తీసింది. నా సైజుకు నమూనా అనుకున్నది 154. తేడా ఆరింటిని ముందు భాగానికి మూడు, వెనుక భాగానికి మూడుగా పంచి, నడుము దగ్గర కాగితాన్ని అడ్డంగా కోసి, మధ్యలో అతుకు వేశాను. గుడ్డ నిలువుగా తక్కువ సాగుతోంది కాబట్టి చెరొక సెంటీమీటరు అదనంగా కలిపాను. మీటరు 150 రూపాయల లెగ్గింగ్స్ గుడ్డతో ముందు ఒకటి కుట్టి వేసి చూశాకనే అసలు గుడ్డ మీద కత్తెర పెట్టాను. ఆ రెండు వందల పాతిక రూపాయలు దండగ అనిపించవచ్చు గానీ, చంక దగ్గర మూడు చోట్ల సరిచేసుకోవలసి వచ్చింది, ఆ మూడూ దాని మీదే బయటపడ్డాయి.

కత్తిరించేటప్పుడు గుండుసూదులు గుచ్చితే ఈ గుడ్డలో చిల్లులు మిగిలిపోతాయి. అందుకని తూకపు రాళ్లు రెండూ, పచ్చడి జాడీ మూతలు నాలుగూ కాగితం మీద బరువుగా పెట్టి, చుట్టూ గీసుకుని కత్తిరించాను. గుడ్డ బల్ల అంచు నుంచి కిందికి వేలాడితే దాని బరువుకే సాగి కొలత తప్పుతుంది. నేల మీద పరుచుకోవడమే మేలు.

ఇక సూది. మొత్తం సామగ్రిలో నేను పూర్తి మార్కులు వేసేది దీనికి ఒక్కదానికే. నాది జిగ్‌జాగ్ కుట్టు (సూది కుడి ఎడమలకు కదులుతూ వేసే వంకర కుట్టు) ఉన్న మామూలు ఇంటి మిషన్, అందులో ఎప్పటినుంచో ఉన్నది జాకెట్లు కుట్టే పద్నాలుగో నంబరు సూది. ముక్క గుడ్డ మీద కుట్టి చూస్తే నాలుగు కుట్లు పడి, మూడు దాటవేసి, మళ్లీ రెండు పడి, దారం పైన తేలి పోతోంది. దారం బిగువు మార్చాను, బాబిన్ కేసు విప్పి తుడిచాను, దారమే మార్చాను. వీధి చివరి దర్జీ ఆ ముక్క చూసి, "అమ్మా, ఇది రబ్బరు గుడ్డ, మన మిషన్ల మీద ఆడదు, ఫ్యాక్టరీలోనే కుట్టాలి" అని తీర్పు చెప్పాడు. ఆయన అనుభవాన్ని తక్కువ చేయను గానీ ఆ తీర్పు తప్పు. ష్మెట్స్ కంపెనీవి స్ట్రెచ్ సూదులు, 75/11 సైజు, అయిదింటి పెట్టె 260 రూపాయలకు తెప్పించాను. సూది మెడ మీద పైన పసుపు గీత, కింద గులాబీ రంగు గీత ఉంటాయి. పసుపు స్ట్రెచ్ రకానికి, గులాబీ 75 సైజుకు గుర్తు. అదే మిషన్, అదే దారం, అదే బిగువు, సూది ఒక్కటే మారింది. మొదటి బారెడు కుట్టులో ఒక్క కుట్టు కూడా తప్పలేదు.

ఎందుకు ఇలా జరుగుతుందో తెలిస్తే దర్జీ మాటకు బెదరనక్కర లేదు. సూది కిందికి దిగి కొద్దిగా పైకి లేచేటప్పుడు దాని వెనుక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది, కిందనున్న కొక్కెం ఆ ఉచ్చును అందుకుంటేనే కుట్టు పడుతుంది. సాగే గుడ్డ సూదిని అంటిపెట్టుకుని దానితోపాటే కిందికీ పైకీ కదులుతుంది కనుక ఆ ఉచ్చు ఏర్పడదు, కొక్కెం గాలిని అందుకుంటుంది. స్ట్రెచ్ సూదికి కన్ను వెనుక ఉండే గుంట ఈ పనికోసమే ప్రత్యేకంగా మలచి ఉంటుంది, కొక్కెం మరింత దగ్గరగా వచ్చి దారాన్ని పట్టుకోగలుగుతుంది. మొన కూడా కొద్దిగా గుండ్రంగా ఉండి పోగులను తెంచకుండా పక్కకు తప్పించి దిగుతుంది. ఈ తరహా గుడ్డ కుట్టాలని అనుకునేవారు మిగతా అన్నిటికంటే ముందు కొనవలసినది ఈ సూది. మిషన్ మార్చాలన్న ఆలోచన దాని తరువాత చేయవచ్చు, బహుశా చేయనవసరమే రాదు.

సూది కుదిరినా నేనొక తప్పు చేశాను. భుజాల దగ్గర కుట్టు నీటుగా కనబడాలన్న యావతో జిగ్‌జాగ్ మానేసి తిన్నని కుట్టు వేశాను. ఈ కాస్ట్యూముకు జిప్పు లేదు, మెడలోంచి కాళ్లు దూర్చి పైకి లాక్కోవాలి. మొదటిసారి తుంటి దాటించి చేయి దూర్చేసరికి భుజం మీద టప్ టప్ మని వరసగా నాలుగు చప్పుళ్లు వినబడ్డాయి. తిన్నని కుట్టులో దారానికి సాగే వీలు లేదు, గుడ్డ సాగింది, దారం తెగింది. విప్పి, వెడల్పు ఒక మిల్లీమీటరు, పొడవు రెండున్నర ఉండే సన్నని జిగ్‌జాగ్ వేశాక ఇంతవరకు ఒక్క పోగు కదలలేదు. దారం పాలియెస్టరుదే కావాలి, నూలు దారం ఎక్కువ కాలం నిలవదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈతగాళ్లు వేసుకుని రికార్డులు బద్దలు కొట్టిన స్పీడో కంపెనీవారి ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ కాస్ట్యూములో ముక్కలను కుట్టకుండా అల్ట్రాసోనిక్ వెల్డింగుతో అతికించారు. అంతటి వైభవం మన పడకగదిలోని మిషన్‌కు లేదు కాబట్టి జిగ్‌జాగే మనకు శరణ్యం.

ఈ సమీక్షలో గట్టిగా తప్పుపట్టవలసింది ఇలాస్టిక్‌ను. జనరల్ బజారులో ఒక దుకాణంలో ఈత కాస్ట్యూముకు కావాలని స్పష్టంగా అడిగితే, "ఇది దానికే అమ్మా" అని పది మిల్లీమీటర్ల వెడల్పున్న తెల్లని ఇలాస్టిక్ మీటరు 25 రూపాయలకు మూడు మీటర్లు ఇచ్చారు. మెడ చుట్టూ 74 సెంటీమీటర్లకు 70 సెంటీమీటర్ల ఇలాస్టిక్ తీసుకుని, రెండింటినీ నాలుగు భాగాలుగా గుర్తుపెట్టి, గుర్తుకు గుర్తు కలిపి, గుడ్డ లోపలి వైపు అంచు మీద జిగ్‌జాగ్ వేసి, మడిచి, మళ్లీ పైనుంచి ఇంకొక వరస వేశాను. కుట్టిన రోజున మెడ చర్మానికి అంటుకుని చక్కగా కూర్చుంది. అయిదో వారానికి వంగినప్పుడు ముందు భాగం వదులుగా జారడం మొదలైంది. మిగిలిన కొత్త ముక్కనూ, మెడ కొసనుంచి తీసిన పాత ముక్కనూ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తదాన్ని పది సెంటీమీటర్ల నుంచి పదిహేనుకు లాగి వదిలితే మళ్లీ పదికి వచ్చింది. పాతది పన్నెండు దగ్గరే నిలిచిపోయింది, లాగినప్పుడు లోపల రబ్బరు పోగులు చిటపటలాడాయి. కొలను నీటిలోని క్లోరిన్‌కు మామూలు ఇలాస్టిక్ తట్టుకోదు. కావలసినది క్లోరిన్‌ను తట్టుకునేదని కట్ట మీద రాసి ఉన్న రకం, లేదా పైన అల్లిక లేకుండా గోధుమ రంగులో సన్నని పట్టీలా ఉండే రబ్బరు రకం. మాట మీద కాక కట్ట మీద అచ్చు చూసి కొనాలన్న బుద్ధి నాకు 75 రూపాయలకు వచ్చింది కాబట్టి నష్టం పెద్దదేమీ కాదు.

క్లోరిన్ ఇలాస్టిక్‌నే కాదు, గుడ్డలోని స్పాండెక్సునూ మెల్లగా తినేస్తుంది. రోజూ గంటల తరబడి సాధన చేసేవారు స్పాండెక్సు లేని పాలియెస్టరు, పీబీటీ (పాలియెస్టరు జాతికే చెందిన, కొంత సాగే పోగు) పోగుల గుడ్డతో చేసిన కాస్ట్యూములు వాడేది అందుకే. అటువంటి గుడ్డ మీటరు లెక్కన నేను వెదికిన చోట్ల దొరకలేదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి నేను చేసేది ఇంతే: నీళ్లలోకి దిగేముందు షవరు కింద మంచినీళ్లతో పూర్తిగా తడపడం, బయటికి రాగానే మళ్లీ మంచినీళ్లతో జాడించడం, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి నీడలో ఆరవేయడం. ముందే మంచినీళ్లు తాగిన గుడ్డ కొలను నీటిని తక్కువగా పీల్చుకుంటుంది. మూడు నెలల తరువాత గుడ్డ బిగువు తగ్గలేదు, నీలం రంగు భుజాల మీద కొద్దిగా వెలిసింది, కొలను గట్టు మీద కూర్చునే అలవాటు వల్ల వెనుక వైపు నూగు ఉండలు లేచాయి. ఆ మూడోదానికి గుడ్డ బాధ్యత లేదు, గట్టు గరుకుది.

లోపలి గుడ్డ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అర మీటరు 140 రూపాయలు, ముందు భాగానికి మాత్రమే వేశాను, పని చేసింది.

ఒంటి మీద ఎలా ఉందన్నది చివరికి ముఖ్యమైన ప్రశ్న. కాళ్లు మోకాలికి రెండు అంగుళాల పైన ఆగుతాయి, తన్నుతున్నప్పుడు పైకి చుట్టుకోవు. చేతులు మాత్రం భుజం పైకెత్తినప్పుడు చంక దగ్గర కాస్త లాగుతాయి, ముఖ్యంగా ఫ్రీస్టైల్‌లో చేయి ముందుకు చాచేటప్పుడు. లెగ్గింగ్స్ గుడ్డ మీద చంక సరిచేసినప్పుడు నిలబడి చూసుకున్నానే గాని చేతులు తలపైకి ఎత్తి చూసుకోలేదు, అది నా పొరపాటే. కొలనులో జరిగే అంతర్జాతీయ పోటీలకు వెళ్లేదాన్నైతే ఈ చేతులే ఉండవు. 2010 నుంచి అక్కడ స్త్రీల దుస్తులు భుజాన్ని దాటకూడదు, మోకాలి కిందికి రాకూడదు, జిప్పు ఉండకూడదు. మా ఉదయం ఏడు గంటల ఆడవాళ్ల బ్యాచికి అటువంటి బెంగ లేదు. శిక్షకురాలు మొదటి రోజు కాస్ట్యూమ్ చూసి ఎక్కడ కొన్నారని అడిగింది, చెప్పాక మెడ దగ్గర జిగ్‌జాగ్‌ను వేలితో లాగి చూసి మరేమీ అనలేదు.

ఖర్చు లెక్క దాచను. గుడ్డ 780, లోపలి గుడ్డ 140, నమూనా 900, రెండుసార్లు ముద్రణ 136, సూదులు 260, ఇలాస్టిక్ 75, దారం 60, ప్రయోగానికి వాడిన గుడ్డ 225, మొత్తం 2,576 రూపాయలు. ఇదే తరహా రెడీమేడ్ కాస్ట్యూమ్ నేను తిరిగిన దుకాణాల్లో 1,500 నుంచి 1,800 మధ్య ఉంది. పొదుపు కోసం కుడతామనుకునేవారు మొదటిదానితో నిరాశపడతారు. రెండోదానికి నమూనా, సూదులు, ప్రయోగం ఖర్చు ఉండదు కాబట్టి, మంచి ఇలాస్టిక్‌కు 180 వేసుకున్నా 1,160లో అవుతుంది. రెడీమేడ్ సైజుల్లో ఒళ్లు ఇమిడిపోయే అదృష్టవంతులు కొనుక్కోవడమే మంచిది. నాలాగా మొండెం పొడవైనవారికీ, పైన ఒక సైజు, కింద ఒక సైజు ఉన్నవారికీ, జిగ్‌జాగ్ మిషన్ ఇంట్లో ఉంటే, ఈ శ్రమ గిట్టుబాటు అవుతుంది. జాకెట్టు కూడా కుట్టని చేతులతో మాత్రం దీన్ని మొదలుపెట్టవద్దు.

గోధుమ రంగు రబ్బరు పట్టీ మీటరు 60 రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరికింది. పోయిన ఆదివారం మెడ ఇలాస్టిక్ విప్పి దాన్ని వేశాను. రెండున్నర గంటల పనిలో రెండు గంటలు పాత జిగ్‌జాగ్ కుట్లు ఒక్కొక్కటిగా తెంచడానికే పట్టింది, కొత్త పట్టీ కుట్టడానికి అరగంట సరిపోయింది.